అమలాపురంలో పాత ఫోటోల స్కానింగ్: వెనకవైపు కూడా చూసే స్టూడియో

ఫోటో ముందువైపు ఎవరైనా స్కాన్ చేసిస్తారు. ఈ స్టూడియోవాళ్లు వెనకవైపు కూడా చేస్తారు, రెండూ కలిపి ఒక ఫోటోగానే లెక్క కడతారు. ఇక్కడికి వెళ్లమని చెప్పడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఎందుకంటే వెనకున్న, ఫోటో తీసిన స్టూడియో ముద్రే ఫోటో వయసు చెబుతుంది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతది. తాలూకా పేరుండి మండలం లేకపోతే చాలావరకు 1985కి ముందుది. పాత రబ్బరు స్టాంపునే ఇంకొన్నాళ్లు వాడినవాళ్లూ ఉంటారు గనక నాలుగైదేళ్లు అదనంగా చూసుకోవాలి. తూర్పు, పడమర లేకుండా ఉత్త ‘గోదావరి జిల్లా’ అని ఉందంటే 1925 దగ్గరికో, అంతకు ముందుకో వెళ్లినట్టే. అలాంటివి అట్టకి అంటించిన గ్రూపు ఫోటోల మీద దొరకొచ్చు. ఆ అట్ట ఊడదీయొద్దని కౌంటరు దగ్గరే చెబుతున్నారు, సంతోషం.

స్కాన్ బాగుంది. 4×6 అంగుళాల ఫోటోకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలు, నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే తీస్తారు. అప్పుడే గోధుమరంగు మరకని తర్వాత విడిగా తగ్గించుకోవచ్చు. ఒక్కో ఫైలు పాతిక ఎంబీ దాకా వస్తుంది, పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపమనండి.

మన చెమ్మకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. ఫోటో మీది జెలటిన్ పొర తేమకి ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది మరి. వీళ్లు అద్దంతో సహా స్కాన్ చేస్తారు. లామినేషన్ మాత్రం అడిగితే చేసేస్తున్నారు, అది తప్పు: వేడికి పొర దెబ్బతింటుంది, మళ్లీ ఊడదీయడం అయ్యే పని కాదు. పెద్ద గ్రూపు ఫోటోలు ఏ4 స్కానరులో పట్టక రెండు ముక్కలుగా తీసి కలుపుతున్నారు. అతుకు దగ్గర భుజాలు సరిగ్గా కలిశాయో లేదో అక్కడే చూసుకోండి. ‘క్లారిటీ పెంచుతాం’ అంటే వద్దనండి. కంప్యూటరు కొత్త కళ్లూ ముక్కూ అల్లేస్తుంది, తాతగారి పోలికే పోతుంది.

అసలు లోపం వివరాల చీటీలో ఉంది. పేర్లు, ఊరు, సంవత్సరం రాయించుకుని ఫైలు పేరులో చేరుస్తారు. మంచి పనే, కానీ సంవత్సరం గడి ఖాళీగా వదలనివ్వరు. ఉజ్జాయింపుగా వేసిన అంకె రేపు మనవలకి రుజువైపోతుంది. దాని బదులు పెద్దవాళ్లు అన్న మాటే రాయించండి: ‘పెద్ద వరదకి ముందు’. అది 1953దా, 1986దా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. నీళ్లొచ్చాయా, గాలికి కొబ్బరిచెట్లు కూలాయా అని కూడా అడగండి. గాలే అయితే 1996 నవంబరు 6 తుఫాను కావచ్చు. ‘కోటిపల్లి రైలెక్కి కాపురానికొచ్చాను’ అని మామ్మగారంటే, ఆ లైను 1928లో వేశారు, యుద్ధం కోసం 1940లో పట్టాలు పీకేశారు, మళ్లీ రైలు నడిచింది 2004లో. చీటీలో పెళ్లి 1950 అని ఉంటే రెండింట్లో ఒకటి సరిచూడాలి.

వివరాలు కవరు మీద రాసి, ఆ తర్వాత ఫోటో అందులో పెట్టమనండి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తు ముందుకి తేలుతుంది.