మేడ మీద తోట: తెలుగు అచ్చులను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఏ పద్ధతి మేలు?

చిత్తూరు, గుంటూరు, నెల్లూరు. మూడు పేర్ల చివరా ఉన్నది ఒకటే ఊరు. స్టేషన్ బోర్డు మీది ఇంగ్లీషు రాత చూస్తే మాత్రం మూడు ఊళ్ళకూ మూడు దారులు. చిత్తూరులోని ఊకారానికి రెండు ‘ఓ’లు, గుంటూరులో ఒకే ఒక్క ‘యూ’, నెల్లూరులో ఒక ‘ఓ’, ‘ఆర్’, ఆ వెనకాల పలకని ‘ఈ’. చెవికి ఒకటే అయిన అచ్చు కంటికి మూడు రకాలుగా కనబడుతోంది. మెసేజీల్లో, పెళ్ళి కార్డుల మీద, పాస్‌పోర్టుల్లో, పాటల సాహిత్యంలో మనం రోజూ పడే తికమక అంతా ఈ మూడు బోర్డుల్లోనే ఉంది.

ముందుగా చిన్న ఏర్పాటు. ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఏ, ఈ, ఐ, ఓ. మన అచ్చుల్లోనూ అవే ఉన్నాయి. కలగాపులగం కాకుండా ఇంగ్లీషు అక్షరాన్ని కొటేషన్‌లో పెడతాను. ‘ఈ’ అంటే ఇంగ్లీషు ఏబీసీడీల్లో అయిదో అక్షరం. మన అచ్చులను ఈకారం, ఏకారం అని పిలుస్తాను.

పద్ధతులు నాలుగు. ఇంగ్లీషువాళ్ళ జంటలనే వాడుకోవడం: ఈకారానికి రెండు ‘ఈ’లు, ఊకారానికి రెండు ‘ఓ’లు. హ్రస్వం ఎలా రాస్తే దీర్ఘానికి అదే అక్షరాన్ని రెట్టించడం. దీర్ఘానికి క్యాపిటల్ అక్షరం వేయడం. అక్షరం నెత్తిన అడ్డగీత గీయడం. నాలుగింటినీ ఒకే పరీక్షకు నిలబెడదాం: ‘మేడ మీద తోట’. మూడు మాటల్లో మూడు దీర్ఘాలు. పరీక్ష చిన్నదే, అయినా నాలుగు పద్ధతుల గుట్టూ బయటపడుతుంది.

మనందరి చేతికి అలవాటైనది ఇంగ్లీషు జంటల పద్ధతి. మీదలో రెండు ‘ఈ’లు పెడితే ఎవరైనా సరిగ్గా చదువుతారు. పూటలో రెండు ‘ఓ’లు పెట్టినా అంతే. పిక వేరు, పీక వేరు, పుట వేరు, పూట వేరు అని తేల్చేస్తుంది. చిక్కంతా మేడ దగ్గర, తోట దగ్గర. రెండు ‘ఈ’లు ఈకారానికి పోయాయి కాబట్టి ఏకారానికి ఒంటి ‘ఈ’యే మిగిలింది. అప్పుడు మేడకూ మెడకూ తేడా లేదు. నేల, నెల ఒకటైపోతాయి. కోన, కొన ఒకటైపోతాయి. వేళ్ళు, వెళ్ళు ఒకటైపోతాయి.

పోనీ ఏకారానికీ రెండు ‘ఈ’లే పెడదామంటే మేడ కాస్తా మీద అవుతుంది. ఓకారానికి రెండు ‘ఓ’లు పెడితే తోట తూటా అవుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం వెయ్యికి పైగా ఊళ్ళ పేర్లకు తమిళ పలుకుబడికి దగ్గరగా ఉండే ఇంగ్లీషు స్పెల్లింగులు ప్రకటించింది. తమిళంలోనూ మనలాగే ఎకార ఏకారాలు, ఒకార ఓకారాలు విడివిడిగా ఉన్నాయి. వేలూరు పేరులో ఏకారానికి రెండు ‘ఈ’లు పెట్టారు, ఊకారానికి రెండు ‘ఓ’లు పెట్టారు. ఒకే మాటలో మొదటి జంటను రెట్టింపు లెక్కన చదవాలి, రెండో జంటను ఇంగ్లీషు లెక్కన చదవాలి. జనం వీలూర్ అని చదివారు. కొద్ది రోజుల్లోనే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. ఉద్దేశంలో తప్పు లేదు, రెండు పద్ధతులను ఒక మాటలో కలిపితే వచ్చిన చిక్కు అది.

అసలు రెండు ‘ఈ’లకు ఈకారం ఎందుకు వచ్చింది? దీనికి జవాబు తెలిస్తే మన తగువు సగం తీరుతుంది. ఒకప్పటి ఇంగ్లీషులో రెండు ‘ఈ’లు రాస్తే ఏకారమే. రెండు ‘ఓ’లు రాస్తే ఓకారమే. పాదాలకు వాళ్ళు ఫేట్ అనేవారు, తిండికి ఫోడ్ అనేవారు. అక్షరాన్ని రెట్టిస్తే దీర్ఘం, మన లెక్కకు సరిగ్గా సరిపోయే రాత. దాదాపు 1400 నుంచి 1700 వరకు సాగిన పెద్ద మార్పులో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ నోట్లో ఒక మెట్టు పైకి జరిగాయి. ఏకారం ఈకారమైంది, ఓకారం ఊకారమైంది. అప్పటికే పైమెట్టున ఉన్న ఈకారం చీలి ‘ఐ’ లాంటి పలుకైంది. ఈలోగా 1476లో ఇంగ్లండులో అచ్చు యంత్రం వచ్చి పాత రాతను పట్టి నిలిపేసింది. పలుకు కదిలింది, రాత కదల్లేదు. అక్షరాల పేర్లు కూడా అలాగే జరిగిపోయాయి. జర్మన్ పిల్లలు అవే అయిదు అచ్చు అక్షరాలను ఇప్పటికీ ఆ, ఏ, ఈ, ఓ, ఊ అనే చదువుతారు. మన వరసకు అది ఎంత దగ్గరో చూడండి! ఇంగ్లీషుకు పొరుగునే ఉన్న డచ్చి భాషలో ఇవాళ్టికీ రెండు ‘ఈ’లు ఏకారమే, రెండు ‘ఓ’లు ఓకారమే.

దీర్ఘాలు అలా జరుగుతుండగా కొన్ని మాటలు దారి తప్పాయి. అందుకే రెండు ‘ఓ’లు ఫుడ్‌లో ఊకారం, గుడ్‌లో ఉకారం, బ్లడ్‌లో అకారం, డోర్‌లో ఓకారం. ‘ఈ’, ‘ఏ’ కలిసిన జంట మరీ దారుణం: సముద్రానికి సీ, రొట్టెకు బ్రెడ్, గొప్పకు గ్రేట్, గుండెకు హార్ట్, భూమికి ఎర్త్. పక్కపక్కన రెండు అచ్చులుంటే మొదటిది తన దీర్ఘం పలుకుతుంది, రెండోది మౌనంగా ఉంటుంది అని ఇంగ్లీషు బడుల్లో ఒక సూత్రం నేర్పేవారు. అమెరికాలో థియొడోర్ క్లైమర్ చిన్న తరగతుల పాఠ్యపుస్తకాల్లోని మాటలను పట్టుకుని దీన్ని లెక్క కట్టి 1963లో ప్రచురించాడు. సూత్రం నూటికి 45 మాటల్లోనే నిలబడింది. సొంత భాషలోనే సగం సార్లు కూడా నిలవని జంటల మీద మనం తెలుగును మోపుతున్నాం.

రెండో పద్ధతి రెట్టింపు. తర్కంలో దీనికి సాటి లేదు. మన భాషకు ఇది అచ్చంగా కుదరడానికి ఒక కారణం ఉంది. అచ్చు పక్కన అచ్చు తగిలితే సంధి జరిగి రెండూ కలిసిపోతాయి, లేదా నడుమ యకారమో వకారమో వచ్చి కూర్చుంటుంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన యడాగమం అదే. కాబట్టి తెలుగు మాట నడుమ ఒకే అచ్చు అక్షరం వరసగా రెండుసార్లు కనబడితే అవి రెండు అచ్చులేమో అన్న అనుమానమే అక్కర్లేదు, అది దీర్ఘమే. ఇంగ్లీషుకు ఆ భరోసా లేదు. ‘ఓ’, ‘ఏ’ జంట పడవకు ఓకారం ఇస్తుంది, అదే జంట గోవా పేరులో రెండు వేరు అచ్చులు. ఫిన్నిష్ భాష తన దీర్ఘాలన్నిటినీ రెట్టింపుతోనే రాసుకుంటుంది, ఏ ఇబ్బందీ పడదు.

మరి మన దగ్గర ఎందుకు నిలవలేదు? చదివేవాడి కంటికి ఇంగ్లీషు అప్పటికే అలవాటైపోయింది కాబట్టి. రెట్టింపు లెక్కన ‘మేడ మీద తోట’ రాస్తే మేడలో రెండు ‘ఈ’లు, మీదలో రెండు ‘ఐ’లు, తోటలో రెండు ‘ఓ’లు వస్తాయి. తెలిసినవాడికి ఇంతకంటే నిక్కచ్చి రాత లేదు. తెలియనివాడు చదివితే మీద, మీద, తూట. రెండు ‘ఐ’లు, రెండు ‘యూ’లు ఎవరినీ మోసం చేయవు, ఇంగ్లీషు వాటిని పెద్దగా వాడుకోలేదు. ‘ఏ’ రెట్టించినా అంతే, ఆకారమని అందరూ పోల్చుకుంటారు. మోసం చేసేవి ‘ఈ’, ‘ఓ’ల రెట్టింపులు మాత్రమే.

ఈ తగువు మనతో పుట్టలేదు. 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పెట్టిన విలియం జోన్స్ మన అచ్చులకు ఇంగ్లీషు అక్షరాలను లాటిన్‌లో పలికే తీరునే వాడి, దీర్ఘానికి నెత్తిన గుర్తు పెట్టమన్నాడు. 1800లో మొదలైన ఫోర్ట్ విలియం కాలేజీలో హిందుస్తానీ చెప్పిన జాన్ గిల్‌క్రిస్ట్ ఇంగ్లీషు చెవికే పెద్దపీట వేశాడు: ఈకారానికి రెండు ‘ఈ’లు, ఊకారానికి రెండు ‘ఓ’లు, అకారానికి ‘యూ’. హిందుస్తానీ పేరులోనే రెండు ‘ఓ’లు, చివర రెండు ‘ఈ’లు రాసేవాడు. 19వ శతాబ్దం రెండో సగంలో విలియం హంటర్ పద్ధతి సర్కారువారికి ప్రమాణమైనప్పుడు గెలిచింది జోన్స్ వైపే. అయితే నెత్తిన గుర్తులు వాడుకలో రాలిపోయాయి. గుంటూరులో మిగిలిన ఒంటి ‘యూ’ ఆ గెలుపు తాలూకు ఆనవాలు. చిత్తూరు, కర్నూలు పేర్లలోని రెండు ‘ఓ’లు గిల్‌క్రిస్ట్ తరహా రాతకు. కడప పేరులో 2005 దాకా ఉన్న ‘యూ’ కూడా ఇంగ్లీషు చెవి కోసం రాసినదే, అకారానికి.

క్యాపిటల్ అక్షరాల పద్ధతి కంప్యూటరు తెర మీద తెలుగు లిపి కనబడని రోజుల్లో పుట్టింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్ళు తయారు చేసుకున్న ఆర్‌టీఎస్ దీనికి పెద్ద పేరు. చిన్న ‘ఈ’ ఎకారం, పెద్ద ‘ఈ’ ఏకారం. చిన్న ‘ఓ’ ఒకారం, పెద్ద ‘ఓ’ ఓకారం. మేడ, మెడ విడిపోయాయి, తోట తోటగానే ఉంది. తెలుగు ఇంటర్నెట్ తొలినాళ్ళు ఈ పద్ధతికి రుణపడి ఉన్నాయి, నేను దీన్ని గౌరవంగానే తలుస్తాను. కానీ ఇది కీబోర్డుకు చెప్పే భాష, మనిషి చదువుకునే రాత కాదు. ఫోను వాక్యం మొదట్లో తనంతట తానే క్యాపిటల్ వేస్తే ఎక్కడ కాస్తా ఏక్కడ అవుతుంది. దరఖాస్తు ఫారంలో అన్నీ పెద్దక్షరాల్లోనే నింపాలంటే దీర్ఘాలూ హ్రస్వాలూ కలిసిపోతాయి.

నెత్తిన గీత పద్ధతిలో అనుమానానికి చోటు లేదు. 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ప్రమాణంలో ఒంటి ‘ఈ’ ఎకారం, గీత ఉన్న ‘ఈ’ ఏకారం, ‘ఓ’ కూడా అంతే. ఒక్క జాగ్రత్త: 1894లో జెనీవా ప్రాచ్యభాషా పండితుల సభ స్థిరపరచిన సంస్కృత పద్ధతిలో ఏకార ఓకారాలకు గీత ఉండదు. సంస్కృతంలో అవి ఎప్పుడూ దీర్ఘాలే, గీత అక్కర్లేదు. ఆ అలవాటుతో తెలుగు రాసేవాళ్ళు నేలను నెల చేసేస్తారు. గీతకున్న అసలు బలహీనత వేరే ఉంది, అది కాగితాలు మారేకొద్దీ ఊడిపోతుంది. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరసలో 26 ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకే అక్షరానికీ చోటు లేదు.

సంస్కృతం ప్రస్తావన వచ్చింది కాబట్టి, పేర్ల విషయంలో మనకు దొరికే సుళువు ఒకటి చెప్పాలి. మన పేర్లలో చాలావరకు సంస్కృతం నుంచి వచ్చినవే. దేవి, శోభ, వేణు, మోహన్, రోహిణి పేర్లలో ఒంటి ‘ఈ’, ఒంటి ‘ఓ’ రాసినా దీర్ఘమే, హ్రస్వం అయ్యే వీలే లేదు. కాబట్టి పేర్లకు ఇంగ్లీషు జంటల పద్ధతే మేలు. సునీతకు రెండు ‘ఈ’లు, పూర్ణిమకు రెండు ‘ఓ’లు పెట్టుకుంటే ఊరు దాటినా పేరు పేరుగానే ఉంటుంది. మిగిలే లోటు ఆకారం. రమకూ రామకూ ఒకటే స్పెల్లింగు రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అక్కడ ‘ఏ’ రెట్టించమనే నా సలహా, చూడ్డానికి కొత్తగా ఉన్నా సరే. ఔకారం మీద పెద్ద తగువు అక్కర్లేదు. గౌరి, సౌమ్య పేర్లకు ‘ఓ’, ‘డబ్ల్యూ’ జంట నలిగిన దారి. ‘ఏ’, ‘యూ’ పెడితే ఇంగ్లీషువాడు ఆటోలో పలికినట్టు పలికే ప్రమాదం ఉంది.

అచ్చ తెలుగు మాటలు నిండిన రాతకు, అంటే జానపద గీతాలకు, పాడుకునే పదాలకు, విదేశాల్లో లిపి రాకుండా పెరుగుతున్న పిల్లలకు పంపే పాటలకు, ఇంగ్లీషు జంటలు పనికిరావు. నెల, నేల, కొన, కోన, దొర, దోర, అన్నీ అక్కడే ఉంటాయి. వాటికి నెత్తిన గీతే మేలు. ఫోనులో అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే గీత వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. గీత కుదరని చోట రాజీ మార్గం: ‘ఏ’, ‘ఐ’, ‘యూ’లను రెట్టించి ఆకార ఈకార ఊకారాలకు వాడండి, ఏకార ఓకారాలకు మాత్రం పెద్ద ‘ఈ’, పెద్ద ‘ఓ’ వేయండి. రెండు ‘ఈ’లను, రెండు ‘ఓ’లను అసలు ముట్టుకోవద్దు. అప్పుడు మేడ మేడగానే ఉంటుంది, మీద మీదగానే ఉంటుంది, తోట తూటా కాదు.

రోజువారీ మెసేజీలకు ఇంత పట్టింపు అక్కర్లేదు, సందర్భమే దారి చూపిస్తుంది. ‘నెల జీతం’ అని రాసినప్పుడు నేల జీతం అని ఎవరూ చదవరు. ఒంటరి మాట పంపేటప్పుడు మాత్రం, ఊరి పేరో, ఇంటి గుర్తో, మందు పేరో, ఒకసారి తెలుగు కీబోర్డుకు మారి ఆ ఒక్క మాటనూ మన లిపిలోనే రాసి పంపండి.