లాంప్రే మొప్పల్లో హార్మోన్ గ్రాహకం: బైండింగ్ పరీక్షా, క్యూపీసీఆరా?

పాములా పొడవుగా ఉండే దవడల్లేని చేప లాంప్రేకు కార్టికాయిడ్ (కార్టిసాల్ తరహా స్టెరాయిడ్ హార్మోన్ల) గ్రాహకం ఒక్కటే, మనలాగా రెండు లేవు. దానికి తగిన హార్మోన్ 11-డీఆక్సీకార్టిసాల్ అని 2010లో తేలింది.

గ్రాహకం హార్మోన్‌ను నిజంగా పట్టుకుంటుందా అన్నది బైండింగ్ పరీక్షే చెబుతుంది. మొప్పను ఐసు మీదే, గ్రాహకం చెడకుండా కాపాడే మాలిబ్డేట్, గ్లిసరాల్ కలిపిన బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ (భూమ్యాకర్షణకు లక్ష రెట్లు) దగ్గర గంటసేపు తిప్పాలి. పైతేట ద్రవాన్ని ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన ఆ హార్మోన్ స్టెరాయిడ్‌తో 4 డిగ్రీల్లో ఉంచాలి. జత గొట్టంలో ట్రిటియం లేని మామూలు స్టెరాయిడ్ కూడా వందల రెట్లు వేయాలి. అది గ్రాహకాన్ని ఆక్రమిస్తుంది కాబట్టి అక్కడ మిగిలే ట్రిటియం వేరేచోట అంటుకున్నదే, రెండింటి తేడాయే అసలు లెక్క. చివర్లో వేసే డెక్స్ట్రాన్ పూసిన బొగ్గుపొడి విడి స్టెరాయిడ్‌ను లాగేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే అంటుకున్నదాన్నీ ఊడబెరుకుతుంది. వరంగల్ మే ఎండల్లో మధ్యలో కరెంటు పోతే నమూనా పోయినట్టే. ట్రిటియానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతీ కావాలి.

జన్యువు ఎంత పనిచేస్తోందో చూసే క్యూపీసీఆర్‌కు చిన్న ముక్క చాలు, కానీ అది కొలిచేది గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏను, గ్రాహకాన్ని కాదు. చేపల ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో మొప్పలు కడగకపోతే రక్తపు ఆర్‌ఎన్‌ఏ కలిసిపోతుంది.

మొదలు క్యూపీసీఆర్‌తోనే పెట్టుకోవడం మేలు. పాకాల చెరువులో లాంప్రే ఎలాగూ దొరకదు, కడగడం రోహు మీద నేర్చుకోవచ్చు. కొర్రమీను వద్దు, గాలి పీల్చే చేప కాబట్టి దాని మొప్పలు చిన్నవి.