మాత్రలా, మెడ నరానికి కరెంటా? కుక్క నిద్రజబ్బుకు ఏది మేలు?

అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో పెరిగిన ల్యాబ్రడార్ చిట్టి. ఐదో నెలలో ఒకరోజు చేపముక్కలు కలిపిన అన్నం గిన్నె పెట్టగానే సంతోషంతో ఎగిరి, అంతలోనే కాళ్లు వాలిపోయి, గడ్డం గిన్నె అంచుకు ఆనించి కూలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నావైపే చూస్తోంది. అర నిమిషంలో లేచి తినడం మొదలెట్టింది. అందరూ మూర్ఛ అన్నారు. కానీ నురగ లేదు, కొట్టుకోవడం లేదు. అది నార్కోలెప్సీ అనే నిద్రజబ్బు. డాబర్‌మన్, ల్యాబ్రడార్ జాతుల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. మెదడును మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు చెడటమే కారణమని 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శాస్త్రవేత్త మిన్యో బృందం తేల్చింది.

నరానికి కరెంటు అనే ఆలోచన నాకు చాలా నచ్చింది. మెడలో ఎడమవైపు వేగస్ నరానికి తీగ చుట్టి, చర్మం కింద బ్యాటరీ పెట్టె అమరుస్తారు. ఆ నరం మీదుగా వెళ్లే సంకేతం మెదడులో లోకస్ సెరూలియస్ అనే చోటుకి చేరుతుంది. కుక్క కూలబడినప్పుడు మూగబోయేవి సరిగ్గా అక్కడి కణాలే! అందుకే ఆశ. మనుషుల మూర్ఛకు అమెరికాలో దీన్ని 1997లోనే అనుమతించారు, మూర్ఛ ఉన్న కుక్కల్లోనూ ప్రయత్నించారు. నార్కోలెప్సీకి మాత్రం ఇంకా ప్రయోగదశే. పైగా మత్తిచ్చి ఆపరేషన్, కొన్నేళ్లకు బ్యాటరీ మార్పు. కోనసీమ పల్లెలో ఆ పెట్టెను సరిచూసేదెవరు?

మాత్రలు పాతవే. కూలబడటానికి ఇమిప్రమిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి, పగటినిద్ర ఎక్కువైతే మోడాఫినిల్ లాంటివి. జబ్బు పోదు, పడటం తగ్గుతుంది. మనుషుల మందులే కదా అని సొంతంగా వేయకండి, డోసు వెటర్నరీ డాక్టరే చెప్పాలి. ఉన్నట్టుండి ఆపితే పడటం ఇంకా ఎక్కువవుతుంది.

ఈ రోజుకి నా ఓటు మాత్రలకే, అదీ రోజుకు చాలాసార్లు పడుతుంటేనే. ఈ జబ్బుతో ప్రాణం పోదు, కానీ పంటకాలువ పక్కన పడితే పోతుంది. మా టెన్షన్ అంతా అదే. అందుకే రేవు మెట్లకు తడిక కట్టాం, గిన్నె వెనక వసారాలోకి మార్చాం, అన్నం కొంచెం కొంచెంగా పెడుతున్నాం. మీ కుక్కా ఇలా పడుతుంటే ముందు ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి.