పెద్ద ప్లాన్ తీసుకోవాలా, మంచి రౌటర్ కొనాలా?

ఇంట్లో ఒకరు ఫోటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు మరొకరి వీడియో కాల్‌లో మాట తెగిపోతుంటే, చాలామంది వెంటనే పెద్ద ప్లాన్‌కు మారతారు. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది రౌటర్‌ను. అప్‌లోడ్ దారి నిండినప్పుడు ప్యాకెట్లు (డేటా చిన్న ముక్కలు) మోడెమ్ బఫర్‌లో, అంటే అవి తాత్కాలికంగా ఆగే చోట, బారులు తీరతాయి, కాల్‌కు చెందిన చిన్న ప్యాకెట్ కూడా ఆ వరుస చివరనే నిలబడవలసి వస్తుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

ఖర్చు: ప్లాన్‌కు నెలనెలా అదనంగా కట్టాలి, రౌటర్‌కు ఒక్కసారి పెడితే చాలు.

శ్రమ: ప్లాన్ మార్చడం తేలిక. రౌటర్‌లోనైతే ఎస్‌క్యూఎమ్ (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, ప్యాకెట్ల వరుసను అదుపు చేసే సదుపాయం) ఆన్ చేసి, వేగ పరిమితిని కొలిచిన వేగంలో దాదాపు 85 నుంచి 95 శాతం దగ్గర ఉంచాలి. అప్పుడు వరుస మోడెమ్‌లో కాక రౌటర్ అదుపులో ఏర్పడుతుంది కనుక, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడిన ఎఫ్‌క్యూ-కోడెల్ వంటి పద్ధతి ప్రవాహాలను వేర్వేరు వరుసల్లోకి పంచి, కాల్‌కు దారి ఇస్తుంది.

రిస్క్: పెద్ద ప్లాన్‌లో డౌన్‌లోడ్ పెరిగినా అప్‌లోడ్ అలాగే ఉండిపోవచ్చు. రౌటర్ ప్రాసెసర్ బలహీనమైతే ఎస్‌క్యూఎమ్ మొత్తం వేగాన్నే తగ్గిస్తుంది. సర్వీసు సంస్థే తన నెట్‌వర్క్‌లో వేగాన్ని కుదిస్తుంటే ఏ రౌటరూ దాన్ని సరిదిద్దలేదు, కాబట్టి ఒప్పందంలోని ఫెయిర్ యూసేజ్ షరతును (ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామనే నిబంధనను) తప్పక చదవండి.

పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుండగా పింగ్, అంటే ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, చూడండి. 20 మిల్లీసెకన్లు ఉండేది 300కు ఎగబాకితే రౌటర్ మార్చండి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఒక్క డౌన్‌లోడే గంటలు పడుతుంటే ప్లాన్ పెంచుకోండి. రాత్రి వేళల్లో మాత్రమే నెమ్మదిస్తుంటే, సంస్థను మార్చడమే మేలు.