ఒహాకాలో పశువుల పాకలు: నల్లమట్టి, మొక్కజొన్న తొక్క, ముల్లంగి

గుంటూరులో క్రిస్మస్‌కి మా ఇంట్లో పెట్టే పశువుల పాక అంటే వరిగడ్డి, ఇసుక, రంగు వెలిసిన ప్లాస్టర్ బొమ్మలు. మెక్సికోలో ఈ పాకను నాసిమియెంతో అంటారు. ఊరు మారితే సరుకూ మారిపోతుంది: ఒకచోట మట్టి, ఒకచోట రేకు, ఇంకోచోట గోధుమగడ్డి. అవి చూడ్డానికే డిసెంబర్‌లో డాలస్ నుంచి బయల్దేరాం. అమెరికా వీసా ఉంది కాబట్టి మెక్సికో వీసా టెన్షన్ లేదు.

మెక్సికో సిటీలో ఒకే రోజు ఉంటే జానపద కళల మ్యూజియం, మ్యూసెయో దె ఆర్తె పోపులార్, చూడండి. పాత ఫైర్ స్టేషన్ భవనంలో 2006లో తెరిచారు. సోమవారం సెలవు. కొనాలంటే సియుదదేలా బజారు. అన్ని రాష్ట్రాల బొమ్మలూ దొరుకుతాయి, కానీ చేసిన చెయ్యి కనపడదు. నాకు అదే వెలితి.

అందుకే రాత్రి బస్సులో దక్షిణ మెక్సికోలోని ఒహాకా వెళ్లాం. దాదాపు ఏడు గంటలు. సీట్లు బాగున్నాయి, చలి మాత్రం చంపేసింది, స్వెటర్ చేతిలోనే ఉంచుకోండి. సెంటర్‌కి దగ్గరని తీసుకున్న గదిలో రెండు రోజులు వేడినీళ్లు లేవు. అడిగితే నవ్వి ఊరుకున్నారు. పండగ వారం కాబట్టి రేటు మాత్రం తగ్గలేదు.

సాన్ బార్తోలో కోయోతెపెక్ నల్లమట్టి ఊరు. మట్టి అసలు రంగు బూడిద. పచ్చిగా ఉండగానే స్ఫటికపు రాయితో రుద్ది, గాలి అందకుండా కాలిస్తే నల్లగా నిగనిగలాడుతుంది. గత శతాబ్దం మధ్యలో ఈ మెరుపుకి పేరు తెచ్చింది దోన్యా రోసా అనే ఇక్కడి కుమ్మరి. ఆ మెరుపున్న కుండలో మాత్రం నీళ్లు నిలవవు. నల్లటి మరియమ్మ, నల్లటి గొర్రెలు, అన్నిటికీ ఒకటే రంగు. దీపం పెడితేనే ముఖాలు తెలుస్తాయి. ఆ సెట్టే కొన్నాం.

సాన్ మార్తిన్ తిల్‌కాహెతే అనే ఊళ్లో కోపాల్ చెక్క బొమ్మల మీద సన్నని చుక్కలు, గీతలు. పనితనం గొప్పదే. కానీ రంగుల జోరులో బాలయేసు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

డిసెంబర్ 23న ఒహాకాలోని సోకాలో అనే చౌకులో ముల్లంగి రాత్రి. 1897 నుంచి జరుగుతున్న పోటీ. దీనికోసమే పెంచిన పెద్ద పెద్ద ముల్లంగులను చెక్కి పాకలు, ఊరేగింపులు పేరుస్తారు. వాడిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు. చీకటి పడితే క్యూ కదలదు, మధ్యాహ్నమే వెళ్లండి. నిజం చెప్పాలంటే, ముల్లంగికి పేరు ఎక్కువ. పక్కనే మొక్కజొన్న పొత్తుల తొక్కతో (తోతోమోస్త్‌లె అంటారు) చేసిన పాకకే నా ఓటు. ఆ తొక్క మడతలు అచ్చం నలిగిన నేతచీర కుచ్చిళ్లే.

శాకాహారులకు ఒక మాట: త్లాయుదా రొట్టెకు పందికొవ్వు రాస్తారు. ‘సిన్ అసియెంతో’ (ఆ కొవ్వు వద్దు) అని ముందే చెప్పండి.

డాలస్‌లో పెట్టె విప్పితే పాకలో తొట్టె ఖాళీ. అమ్మినావిడ మోసం చేసిందని మా ఆవిడ రుసరుసలాడింది. మూడు రోజుల తర్వాత సంచి అడుగున కాగితపు ఉండలో దొరికాడు. అక్కడ 24 రాత్రి దాకా బాలయేసును పడుకోబెట్టరట, అందుకే ఆవిడ విడిగా చుట్టింది.