గోల్ఫ్ గ్రిప్: ఓవర్‌ల్యాపా, ఇంటర్‌లాకా, పది వేళ్ళా? మన క్రికెట్ చేతులకి ఏది మేలు

పాలమూరు నుంచో నల్లగొండ నుంచో గోల్ఫ్‌లోకి వస్తున్న మనవాళ్ళలో చాలామంది క్రికెట్ చేతులతో వస్తారు. చిన్నప్పటి నుంచి టెన్నిస్ బాల్‌ని మిడ్ వికెట్ మీదుగా లేపడం అలవాటై, కింది చెయ్యి ముందు దూకుతుంది. గోల్ఫ్ క్లబ్ (బాల్ కొట్టే కర్ర) చేతికిచ్చినా అదే పట్టు, అదే ఊపు. బాల్ ఒకసారి ఎడమకి మెలి తిరుగుతుంది, దాన్ని ఆపబోతే ఇంకోసారి కుడికి పోతుంది. గోల్కొండ దగ్గర నయా ఖిలా గోల్ఫ్ మైదానం దాకా పోయి కోచ్‌కి చూపించుకోవాలంటే రానూపోనూ సుమారు రెండొందల కిలోమీటర్లు, అందుకని అందరూ యూట్యూబ్ మీద పడతారు, అక్కడ ఒకాయన ఓవర్‌ల్యాప్ అంటాడు, ఇంకొకాయన ఇంటర్‌లాక్ అంటాడు, మూడో ఆయన పది వేళ్ళూ పెట్టేయమంటాడు.

ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. కానీ మన చేతికి ఏది పనికొస్తుందన్నది వేరే లెక్క. (కింద రాసేదంతా కుడిచేతి వాటం వాళ్ళకి. ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి.)

పది వేళ్ళ పట్టు అంటే బేస్‌బాల్ గ్రిప్. పార కట్టె పట్టుకున్నట్టే, రెండు చేతులూ ఒకదాని కింద ఒకటి, వేళ్ళన్నీ గ్రిప్ (క్లబ్ పిడికి ఉండే రబ్బరు తొడుగు) మీదే. నేర్పక్కర్లేదు, అందరికీ వచ్చేస్తుంది. చిన్న పిల్లలకి, వేళ్ళ కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నేను ఇదే చెబుతాను. దీంతో పెద్ద టోర్నమెంట్లు గెలవలేరన్న మాట కూడా ఉట్టిదే, 1959లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ గెలిచిన ఆర్ట్ వాల్ పట్టుకున్నది ఇట్లాగే. మరి మనకి ఇబ్బంది ఎక్కడంటే, కుడి చెయ్యి పూర్తి స్వతంత్రంగా ఉంటుంది కాబట్టి క్రికెట్ అలవాటు అందులోంచి ఎటూ పోదు. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు క్లబ్) ఫేస్‌కి, అంటే బాల్ తగిలే ముఖానికి, బాల్ తగిలి ఉండేది అర మిల్లీసెకను కూడా కాదు. అది తగిలే ముందు కుడి చెయ్యి కొంచెం తిప్పినా బాల్ ఎడమ పక్క తుప్పల్లో వెతుక్కోవాలి.

ఓవర్‌ల్యాప్‌లో కుడి చిటికెన వేలు క్లబ్ మీద ఉండదు, ఎడమ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఉన్న సందు మీద ఎక్కి కూర్చుంటుంది. దీన్ని వార్డన్ గ్రిప్ అంటారు. 1896 నుంచి 1914 లోపల బ్రిటిష్ ఓపెన్ ఆరు సార్లు గెలిచిన హ్యారీ వార్డన్ వల్ల వచ్చిన పేరు అది, నిజానికి ఆయనకంటే ముందే స్కాట్లండ్ ఆటగాడు జానీ లేడ్లే ఇట్లా పట్టుకునేవాడు, పేరు మాత్రం వార్డన్‌కి దక్కింది. కుడి చేతికి ఒక వేలు తగ్గుతుంది కాబట్టి దాని పెత్తనం కూడా కొంత తగ్గుతుంది. మన కింది చేతి రోగానికి కావలసింది సరిగ్గా అదే. అరచెయ్యి పెద్దగా, వేళ్ళు పొడుగ్గా ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని దీంతో మొదలుపెట్టొచ్చు.

ఇంటర్‌లాక్‌లో అదే చిటికెన వేలు ఎడమ చూపుడు వేలితో కొక్కెంలా ముడిపడుతుంది. జాక్ నిక్లస్, టైగర్ వుడ్స్ ఇద్దరిదీ ఇదే పట్టు, ఇద్దరివీ కలిపితే 33 మేజర్ (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద నాలుగు టోర్నమెంట్ల) టైటిళ్ళు, ఇంక దీన్ని తీసిపారేసేది ఎవరు? చేతులు చిన్నవైతే ఇది బాగా నప్పుతుంది, రెండు చేతులూ విడిపోవు. అయితే కొత్తవాళ్ళు చేసే పని ఒకటుంది, వేళ్ళు మొదళ్ళ దాకా దూర్చి బిగిస్తారు. అట్లా దూర్చగానే క్లబ్ ఎడమ చేతి వేళ్ళలోంచి జారి అరచేతిలోకి వెళ్ళిపోతుంది.

నన్నడిగితే అసలు తేల్చుకోవలసిన పోటీ ఈ మూడింటి మధ్య కాదు, వేళ్ళకీ అరచేతికీ మధ్య. చిటికెన వేలు ఎక్కడ పెట్టినా తేడా కొంతే, ఎడమ చేతిలో క్లబ్ అరచేతికి అడ్డంగా ఉంటే మాత్రం మణికట్టు సరిగ్గా వంగదు, వంగకపోతే వేగం రాదు, క్లబ్ జారుతున్నట్టు అనిపించి ఇంకా పిసుకుతారు, పిసికేసరికి భుజాల దాకా బిగుసుకుంటుంది. వాకిట్లో నిలబడి ఇప్పుడే చూసుకోండి. ఏడో నంబర్ ఐరన్‌ని (ఇనప తల ఉన్న క్లబ్బుల్లో ఒకటి) ఎడమ చూపుడు వేలి మీద ఆనించి, చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గరుండే మెత్తటి కండని గ్రిప్ పైన పెట్టండి, మిగతా వేళ్ళు వదిలేయండి. క్లబ్ గాల్లో నిలబడితే సరైన చోట ఉన్నట్టు, చివర పైకి లేచి జారిపోతే అరచేతిలో ఉన్నట్టు. చెయ్యి ముందుకి చాపి పట్టుకోకుండా, తొడ పక్కన వేలాడదీసి అక్కడే పట్టుకుంటే క్లబ్ చాలావరకు వేళ్ళలోకే వస్తుంది. ఇంకో సాక్ష్యం మీ గ్లవ్. ఆ మెత్తటి కండ దగ్గరే చిరుగుతుందంటే ప్రతి స్వింగ్‌లోనూ క్లబ్ అక్కడ రాసుకుంటోందనే.

తర్వాతది స్ట్రాంగా వీకా. దీనికీ బలానికీ సంబంధం లేదు, చెయ్యి ఎటు తిప్పి పెట్టామన్నదే. పైనుంచి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు కనబడితే న్యూట్రల్, మూడో అంతకంటే ఎక్కువో కనబడితే స్ట్రాంగ్, ఒకటో అదీ లేకనో ఉంటే వీక్. స్ట్రాంగ్ అయితే ఫేస్ మూసుకుని బాల్ ఎడమకి, వీక్ అయితే తెరుచుకుని కుడికి. కొత్తవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది స్లైస్ (బాల్ కుడికి వంగిపోవడం), వాళ్ళకి రెండున్నర మెటికలు మేలు. పాతకాలపు అమెరికా దిగ్గజం బెన్ హోగన్ వీక్‌గా పట్టేవాడని కొందరు అదే పట్టేస్తారు, ఆయన్ని సతాయించింది హుక్ (బాల్ ఎడమకి మెలి తిరగడం), ఆయన మందు ఆయన వేసుకున్నాడు. కింది చేతితో హుక్ చేసేవాళ్ళు మాత్రం రెండు మెటికల దగ్గరే ఆగండి.

వేళ్ళ అచ్చులు పోసిన ట్రైనింగ్ గ్రిప్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇంట్లో అలవాటుకి మంచిదే, పోటీలో రూల్స్ ఒప్పుకోవు, పటర్ (బాల్‌ని గుంటలోకి దొర్లించే క్లబ్) తప్ప మిగతా క్లబ్బులకి గ్రిప్ గుండ్రంగానే ఉండాలి.

ఇక మన ఎండల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో పొద్దున ఎనిమిదికే చేతులు తడిసిపోతాయి, అప్పుడు మామూలు రబ్బరు కంటే నూలు కలిపిన కార్డ్ గ్రిప్ మేలు. గరుకుగా ఉంటుంది, మెత్తటి చేతులవాళ్ళకి మొదట్లో బొబ్బలొస్తాయి. అంత గరుకు పడనివాళ్ళు రబ్బరుతోనే ఉండి, జేబులో ఒక టవల్, కిట్‌లో ఇంకో పొడి గ్లవ్ పెట్టుకోండి. గ్రిప్పులు జారుతున్నాయని కొత్తవి కొనే ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్ళతో రుద్ది, కడిగి నీడన ఆరబెట్టి చూడండి, చెమట జిడ్డు పోతే చాలాసార్లు అదే పట్టు తిరిగొస్తుంది. కిట్‌ని మాత్రం వేసవంతా కారు డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి రబ్బరు గట్టిపడి నున్నగా తయారవుతుంది, ఆ తర్వాత ఎంత కడిగినా లాభం లేదు.