ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా పీహెచ్‌సీ: వైద్యం బాగుంది, మందులే ప్రతి నెలా ఉండాలి

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మా అమ్మకి బీపీ, షుగరు. ఇక్కడి సిస్టరమ్మ మనిషి రాగానే బీపీ పట్టీ కట్టెయ్యదు, ముందు ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూచోమంటాది, కాళ్లు నేలకి ఆన్చమంటాది, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి అప్పుడు చూస్తాది. డబ్బులు తీసుకునే క్లినిక్కుల్లో ఇంత ఓపిగ్గా చూసినోళ్లని నేనెరగను. మందులిచ్చే ఆయనైతే అమ్మకి ఒడియా చదవడం రాదని కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ గీసి ఇస్తాడు, అమ్మ ఇప్పటిదాకా ఒక్క మాత్ర తప్పు వేసుకోలేదు.

గోడకి ఎన్‌క్యూఏఎస్ సర్టిఫికెట్టు ఉంది, అంటే ప్రభుత్వాసుపత్రుల నాణ్యతకి దేశం మొత్తానికి పెట్టిన ప్రమాణాలు. అది ఊరికే ఇచ్చీది కాదండి, బయట నుంచి వచ్చినోళ్లు కళ్లతో చూసి, స్టాఫ్‌నడిగి, రిజిస్టర్లు తిరగేసి, పేషెంట్లనడిగి ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కులేస్తారు, మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి.

అయితే వైద్యం నాణ్యతకి అసలు ఏం కొలవాలో ఎవరు చెప్తారు అనేదే పెద్ద విషయం. చాలా దేశాల్లో నిపుణుల్ని అడిగి తేలుస్తారు, డెల్ఫీ అంటారు, 1950ల్లో అమెరికాలో ర్యాండ్ సంస్థలో మొదలైంది. ఎవరు ఎంత వేశారో ఒకరికొకరికి తెలీకుండా, ఒక్కో అంశానికి చాలాసార్లు 1 నుంచి 9 దాకా మార్కులు వేయించి, గ్రూపు మొత్తం లెక్క చూపించి మళ్లీ వేయమంటారు, మధ్యస్థం, అంటే మార్కులన్నీ వరసగా పేరిస్తే నడిమికొచ్చేది, 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి పెద్దగా తేడాల్లేకపోతే మామూలుగా ఆ అంశం ఉంచుతారు. పెద్ద డాక్టరుగారి మాటకి మిగతావాళ్లు తలూపకుండా ఉండడానికి ఇది మంచి పద్ధతే. కానీ అందరూ ఒప్పుకున్నారంటే అదే సత్యమని కాదు, ప్యానెల్లో డాక్టర్లే కూచుంటే వాళ్లకి కనిపించేవే లిస్టులోకొస్తాయి. ఆశా కార్యకర్తకీ, పదేళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న మనిషికీ అందులో కుర్చీ వెయ్యాలి, నేను గట్టిగా అడిగేది అదే.

నన్నడిగితే 9 వేసేది ఒకటే, అదే పేషెంటుకి అదే మందు నెలనెలా అందిందా లేదా. ఒక స్టారు కోసింది కూడా అందుకే, ఒడిశా ప్రభుత్వం నిరామయ పథకం కింద మందులు ఉచితమే గానీ మధ్యలో షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ అయిపోయిందని అమ్మని ఉత్తచేతుల్తో పంపించారు, బయట కొనుక్కున్నాం, కొనలేనోళ్లు ఆ నెల మానేస్తారు కదా. బోర్డులన్నీ ఒడియాలోనే ఉన్నాయి, సగం ఓపీ తెలుగోళ్లే అయినప్పుడు తెలుగులో కూడా ఒక లైను రాయించొచ్చు.

బీపీ షుగరు ఉన్నోళ్లు నమ్మకంగా వెళ్లండి, బేగి వెళ్తే రద్దీ ఉండదు, పాత చీటీ తప్పకుండా పట్టుకెళ్లండి, మందు లేదంటే ఆ మాట చీటీ మీదే రాసిమ్మనండి.